బెల్టు బిగించే చోటు: చేతితో కట్టిన కార్లు, మార్చిన కార్లు, తనిఖీ నియమాలు

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నో ఢీకొని అర మీటరు దూరంలో ఆగిందనుకుంటే, లోపల కూర్చున్న 70 కిలోల మనిషిని ఆపడానికి సుమారు 13,500 న్యూటన్ల బలం కావాలి. బరువుగా లెక్కిస్తే అది దాదాపు 1,370 కిలోలు. ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు బరువు కంటే ఎక్కువ. ఆ బలం మొదట బెల్టు పట్టీ మీద పడుతుంది. పట్టీ నుంచి బకిల్‌కు, బకిల్ నుంచి బోల్టుకు, బోల్టు నుంచి కారు నేల రేకుకూ పక్క పిల్లర్‌కూ చేరుతుంది. ఈ వరుసలో ఏ ఒక్కటి వదిలినా మిగిలినవి ఎంత గట్టివైనా ప్రయోజనం ఉండదు. షోరూమ్ నుంచి కారు తెచ్చుకున్నవారు ఈ సంగతి ఆలోచించనక్కర్లేదు. తయారీదారు ఆలోచించి, పరీక్షించి, ధ్రువపత్రం తీసుకున్నాడు. విడిభాగాలు పోగుచేసి చేత్తో కారు కట్టేవారికీ, ఉన్న కారులో సీట్లు పీకి వేరేవి వేసేవారికీ, రేసింగ్ హార్నెస్ తగిలించుకునేవారికీ మాత్రం బెల్టు బిగింపు ఎంత బలానికి నిలవాలి అన్నదే మొదటి ప్రశ్న. ఆ బిగింపు నిలుస్తుందో లేదో ఎవరు చూడాలి, ఏ నియమం ప్రకారం చూడాలి అన్నది రెండో ప్రశ్న. భారతదేశంలో మొదటి ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఉంది. రెండో ప్రశ్నకు వచ్చేసరికి పెద్ద ఖాళీ కనిపిస్తుంది.

కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో సీటు బెల్టు పెట్టుకోనందువల్ల మరణించినవారు 16,715 మంది. వీరిలో డ్రైవర్లు 8,384, ప్రయాణికులు 8,331. అంటే దాదాపు సగం మంది స్టీరింగ్ పట్టుకోనివారే. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర తానే కారు నడుపుతూ నందమూరి హరికృష్ణ మరణించినప్పుడు ఆయన బెల్టు పెట్టుకోలేదనీ, కారులోంచి బయటికి విసిరివేయబడ్డారనీ పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ మరణించారు. ఈ రెండు ఘటనల తర్వాత బెల్టు పెట్టుకోవడం గురించి చాలా చర్చ జరిగింది. పెట్టుకున్న బెల్టు కారును ఎంత గట్టిగా పట్టుకుని ఉంది అన్న మాట దాదాపు ఎవరూ ఎత్తలేదు.

మూడు చోట్ల బిగించే బెల్టును 1959లో వోల్వో సంస్థ ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. పేటెంటును ఇతర తయారీదారులు కూడా వాడుకునేందుకు ఆ సంస్థ అనుమతించింది. భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళికి 1993లో చేసిన సవరణతో ముందు సీట్లకు బెల్టు తప్పనిసరైంది; ముందుకు తిరిగి ఉన్న వెనక సీట్లకు అది 2002 నుంచి వచ్చింది. బెల్టు అమర్చే బాధ్యతను 125వ నియమం తయారీదారు మీద పెట్టింది. పెట్టుకునే బాధ్యతను 138వ నియమం ప్రయాణించేవారి మీద పెట్టింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన 194బీ సెక్షన్ బెల్టు లేకుండా ప్రయాణించడానికి వెయ్యి రూపాయల జరిమానా నిర్ణయించింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోయినా అంతే. అదే ఏడాది జూలై 1 నుంచి ముందు సీట్లలో బెల్టు పెట్టుకోకపోతే మోగే హెచ్చరిక తప్పనిసరైంది. 2025 ఏప్రిల్ నుంచి వెనక సీట్లకు కూడా విస్తరించింది.

సాంకేతిక ప్రమాణాలు రెండు వేరువేరు పత్రాల్లో ఉన్నాయి: బిగింపు స్థానాలకు ఐఎస్ 15139, బెల్టుకు ఐఎస్ 15140. ఐక్యరాజ్యసమితి నియమాల్లో కూడా ఇదే విభజన. బిగింపు స్థానాలకు 14వ నియమం, బెల్టుకు 16వది. ఈ విభజన కాగితాల సౌకర్యం కోసం వచ్చింది కాదు. బెల్టు ఒక వస్తువు. దాన్ని కర్మాగారంలో వేల సంఖ్యలో చేసి, కొన్నింటిని తెంపి చూసి, మిగిలినవాటికి ముద్ర వేయవచ్చు. 16వ నియమం కింద పట్టీ కనీసం 14,700 న్యూటన్ల వరకు తెగకూడదు. బరువు మోస్తున్నప్పుడు దాని వెడల్పు 46 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బిగింపు స్థానం అలా విడిగా దొరికే వస్తువు కాదు. అది కారు శరీరంలో ఒక భాగం. దాని బలం చుట్టూ ఉన్న రేకు, వెల్డింగు, నిర్మాణం మీద ఆధారపడుతుంది. అందుకే మంచి కంపెనీ బెల్టు కొని తెచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు.

14వ నియమం చెప్పే పరీక్ష ఇది. ప్రయాణికుల కారులో మూడు చోట్ల బిగించిన బెల్టుకు, భుజం పట్టీ మీద 13,500, నడుము పట్టీ మీద మరో 13,500 న్యూటన్ల బలం ఒకేసారి వేస్తారు. దానితో పాటు సీటు బరువుకు ఇరవై రెట్ల బలం కూడా కలుపుతారు, ఎందుకంటే ఢీకొన్నప్పుడు సీటు కూడా ముందుకు దూకుతుంది. నడుము పట్టీ మాత్రమే ఉన్న చోట 22,250 న్యూటన్లు వేస్తారు. కనీసం ఒక సెకనులో ఐదో వంతు కాలం బిగింపు ఊడకుండా నిలవాలి. రేకు వంగినా, చిరుగు కనిపించినా తప్పు కాదు, వదలకపోతే చాలు. ఈ పరీక్ష తర్వాత ఆ కారు మళ్లీ రోడ్డు మీదికి పనికిరాదు. ఒక మోడల్ కారును ఇలా నాశనం చేసి అదే మోడల్ కార్లు లక్ష అమ్మే సంస్థకు ఇది మోయదగిన ఖర్చు. ఒకే ఒక్క కారు కట్టుకున్నవాడు దాన్ని పరీక్షకు ఇస్తే అతని చేతిలో మిగిలేది ధ్రువపత్రమే, కారు కాదు.

పరీక్షలో బలాలు ఎలా పంచుకుంటాయో గమనిస్తే ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది. నడుము పట్టీ బలంలో దాదాపు సగం తలుపు వైపు బోల్టుకు, మిగతా సగం బకిల్ వైపు బోల్టుకు పోతుంది. భుజం పట్టీ బలంలో సగం పిల్లర్ మీదికి వెళ్లగా, మిగిలిన సగం మళ్లీ బకిల్ వైపుకే వస్తుంది. రెండు సగాలూ కలిసేది బకిల్ బోల్టు దగ్గర. మార్చిన కార్లలో ఎక్కువగా అలక్ష్యానికి గురయ్యేది కూడా ఆ బోల్టే. అది సీటుకు, కారు నేల మధ్యలో ఎత్తుగా పోయే సొరంగానికి నడుమ, కార్పెట్ కింద, కంటికి కనిపించని చోట ఉంటుంది.

బెల్టుకు వాడే బోల్టు ప్రపంచమంతటా దాదాపు ఒకే కొలత: అంగుళంలో పదహారో వంతులు ఏడు, అంగుళానికి ఇరవై మరలు. 8.8 గ్రేడు ఉక్కుతో చేసిన అలాంటి బోల్టు తెగాలంటే సుమారు 60,000 న్యూటన్ల బలం కావాలి. అంటే బోల్టు తెగడం చాలా అరుదు. చిరిగేది దాని చుట్టూ ఉన్న రేకు. కారు నేల రేకు మందం ఒక మిల్లీమీటరు లోపు. దానికి రంధ్రం వేసి, మామూలు వాషర్ పెట్టి, నట్టు బిగిస్తే, పెద్ద ప్రమాదంలో వాషర్ రేకును గుండ్రంగా కోసుకుని పైకి వచ్చేస్తుంది. 24 మిల్లీమీటర్ల వాషరూ 0.8 మిల్లీమీటర్ల మెత్తటి ఉక్కు రేకూ తీసుకుని లెక్క వేస్తే, ఆ రేకు దాదాపు 12,000 న్యూటన్ల దగ్గర తెగే స్థితికి వస్తుంది. బకిల్ వైపు పడే బలం 13,500 వరకు ఉంటుంది. సికింద్రాబాదు రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో కొన్న మేలైన బోల్టుతో కూడా ఈ లోటు తీరదు. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ నియమాలు అందుకే బోల్టు గురించి క్లుప్తంగా, రేకు గురించి వివరంగా చెబుతాయి. కొత్తగా వేసే ప్రతి బిగింపు వెనక కనీసం 40 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పలక ఉండాలి. భుజం, నడుము పట్టీల బిగింపులు ఒక్కొక్కటీ 14,700 న్యూటన్లు, తొడల మధ్య పట్టీ బిగింపు 7,200 న్యూటన్లు మోయాలి.

ఆ పలక ఎటువైపు ఉందన్నది కూడా ముఖ్యమే. బెల్టు పైకి లాగుతుంది కాబట్టి పలక రేకుకు అడుగున ఉండాలి. పైన పెట్టిన పలకను పట్టుకునేది అంచుల వెంట వేసిన వెల్డింగు మాత్రమే. పలక మూలలు గుండ్రంగా ఉండకపోతే పదునైన మూల దగ్గరే రేకు చిరగడం మొదలవుతుంది. పాత కారు నేలలో తుప్పు పట్టిన భాగానికి పలక వెల్డ్ చేస్తే కొత్త ఉక్కు పాత తుప్పుకు వేలాడినట్టే. గొట్టాలతో కట్టిన చాసిస్‌లో సమస్య వేరు. గొట్టానికి అడ్డంగా రంధ్రం వేసి బోల్టు దూరిస్తే గొట్టం గోడలు నలుగుతాయి. అందువల్ల రంధ్రంలో ఉక్కు బుష్ వెల్డ్ చేసి దాని గుండా బోల్టు పోనివ్వడం, లేదా గొట్టానికి రెండు వైపులా చెవుల్లాంటి ఉక్కు పలకలు వెల్డ్ చేసి మధ్యలో బెల్టు కొక్కెం పెట్టడం సరైన పద్ధతి. ఒకవైపు చెవికి మాత్రమే బోల్టు వేస్తే ఆ బోల్టు వంగుతుంది. అది తెగడానికి కావలసిన బలం కంటే చాలా తక్కువ బలానికే వంగుతుంది.

బలం తర్వాత లెక్కలోకి వచ్చేది కోణం. నడుము పట్టీ తుంటి ఎముక మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. బిగింపు మరీ వెనక్కి ఉండి పట్టీ నేలకు దాదాపు సమాంతరంగా పోతే, ప్రమాదంలో మనిషి పట్టీ కిందుగా జారిపోతాడు. పట్టీ కడుపులోకి దిగి పేగులను, కాలేయాన్ని చీలుస్తుంది. అందుకే పట్టీ నిటారుకు ఎంత దగ్గరగా, సమాంతరానికి ఎంత దగ్గరగా ఉండవచ్చో నియమాలు హద్దులు పెట్టాయి. విద్యార్థుల ఫార్ములా పోటీల్లో నిటారుగా కూర్చునే డ్రైవరుకు ఈ కోణం 45 నుంచి 65 డిగ్రీలు. భుజం పట్టీలకు తప్పు ఇంకోరకంగా జరుగుతుంది. నాలుగు, ఐదు, ఆరు చోట్ల బిగించే హార్నెస్‌ను మామూలు కారులో వేసేటప్పుడు భుజం పట్టీలను తీసుకుపోయి వెనక సీటు నేల బోల్టులకు కట్టడం సులభంగా కనిపిస్తుంది. అలా కడితే పట్టీలు భుజాల మీది నుంచి నిలువుగా కిందికి లాగుతాయి. ఢీకొన్న క్షణంలో ఆ లాగుడు వెన్నెముకను పైనుంచి కిందికి నొక్కుతుంది. భుజాల ఎత్తు నుంచి వెనక్కి పోయే పట్టీ సమాంతరానికి 10 డిగ్రీల కంటే ఎక్కువ కిందికి దిగకపోవడం మేలనీ, ఎట్టి పరిస్థితుల్లోనూ 45 డిగ్రీలు దాటకూడదనీ ఎఫ్ఐఏ చెబుతుంది. ఆ ఎత్తులో బిగించాలంటే వెనక ఒక అడ్డ గొట్టం కావాలి, అంటే రోల్ కేజ్ (కారు లోపల ఉక్కు గొట్టాల పంజరం) కావాలి. రోల్ కేజ్ లేని కారులో రేసింగ్ హార్నెస్ వేయడం మరో ముప్పు కూడా తెస్తుంది: కారు బోల్తాపడి పైకప్పు నలిగినప్పుడు మామూలు బెల్టులో ఉన్న మనిషి పక్కకు ఒరగగలడు, హార్నెస్‌లో ఉన్నవాడు నిటారుగా ఉండిపోతాడు.

రిట్రాక్టర్‌ది మరో చిక్కు. బెల్టును చుట్టుకునే ఆ డబ్బాలో చిన్న గుండో లోలకమో ఉంటుంది. కారు గట్టిగా బ్రేక్ వేసినప్పుడు అది కదిలి పట్టీని ఆపేస్తుంది. 16వ నియమం ప్రకారం రిట్రాక్టర్ తనకు నిర్ణయించిన స్థితి నుంచి 12 డిగ్రీల లోపు వంగినప్పుడు ఆగిపోకూడదు, 27 డిగ్రీలు దాటితే తప్పకుండా ఆగాలి. స్క్రాప్ కారు పిల్లర్ నుంచి విప్పిన రిట్రాక్టర్‌ను వేరే కోణంలో వాలిన పిల్లర్‌కు బిగిస్తే రెండింటిలో ఒకటి జరుగుతుంది: అది ఎప్పుడూ లాక్ అయి బయటికి రాదు, లేదా కావలసినప్పుడు ఆగదు. మొదటిది వెంటనే తెలుస్తుంది. రెండోది ప్రమాదం దాకా తెలియదు. ఒకసారి పెద్ద ప్రమాదంలో పనిచేసిన బెల్టు పట్టీ సాగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ వాడకూడదు. స్క్రాప్ దుకాణంలో కారు చరిత్ర తెలియదు గనుక అక్కడి బెల్టు చవకగా దొరికినా వద్దనుకోవడమే మంచిది.

ఇన్ని సూక్ష్మాలున్న పనిని తనిఖీ చేసే వ్యవస్థ దేశంలో ఎలా ఉంది? మోటారు వాహనాల నియమావళి 126వ నియమం కింద ప్రతి తయారీదారు తన నమూనాను పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐకాట్ వంటి సంస్థల్లో పరీక్షింపజేయాలి. ఆ ధ్రువపత్రం ఆధారంగా తయారీదారు ప్రతి బండికి ఫారం 22 ఇస్తాడు; ఆ ఫారం చూసి రవాణా శాఖ కార్యాలయం రిజిస్టరు చేస్తుంది. చాసిస్ ఒకరు, బాడీ మరొకరు కట్టిన వాహనాలకు ఫారం 22ఏ ఉంది. దీంట్లో తనే తయారీదారూ తనే యజమానీ అయిన వ్యక్తికి చోటు లేదు. హైదరాబాదులోని కొండాపూర్ రవాణా కార్యాలయానికి ఎవరైనా తాను కట్టిన కారును తీసుకెళితే అక్కడి అధికారి దాన్ని ఎంత మెచ్చుకున్నా రిజిస్టరు చేయడానికి అతని దగ్గర దారి లేదు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో ఒక కమ్మరి పాత విడిభాగాలతో చిన్న జీపు కట్టినప్పుడు ఇదే సమస్య ఎదురైంది. ఆ బండి నియమాలకు లోబడి లేదు కాబట్టి దాన్ని నడపనివ్వరంటూ పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా దాని బదులు బొలెరో ఇస్తామన్నారు. 2022 జనవరిలో ఆ మార్పిడి జరిగింది.

హైదరాబాదులో చేత్తో కార్లు కట్టడానికి ప్రసిద్ధమైన పేరు సుధాకర్‌ది. బహదూర్‌పురాలో ఆయన 2010లో తెరిచిన సుధా కార్ మ్యూజియంలో క్రికెట్ బంతి, కెమెరా, హ్యాండ్‌బ్యాగ్, ఎత్తు మడమల చెప్పు ఆకారాల్లో కార్లు ఉన్నాయి. అన్నీ నడుస్తాయి. 2005లో ఆయన చేసిన 12.67 మీటర్ల ఎత్తు మూడు చక్రాల సైకిల్ గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ కార్లు ప్రదర్శనకు ఉద్దేశించినవి, నెమ్మదిగా నడిచేవి కాబట్టి బెల్టు ప్రశ్న వాటికి వర్తించదు. కానీ ఒక విషయం అవి రుజువు చేస్తాయి: ఈ నగరంలో కారు కట్టే నైపుణ్యానికి కొదవ లేదు. ఆ నైపుణ్యం రోడ్డు మీదికి చట్టబద్ధంగా వచ్చే మార్గమే లేదు.

చేత్తో కట్టిన కారు బెల్టు బిగింపును నిజంగా, వివరంగా తనిఖీ చేసే చోటు మన దేశంలో ఒకటుంది: ఇంజినీరింగ్ విద్యార్థుల పోటీలు. బాజా ఎస్‌ఏఈ ఇండియా 2007 నుంచి జరుగుతోంది. 2025 ఆరంభంలో హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న నర్సాపూర్ బీవీఆర్‌ఐటీ ప్రాంగణం దానికి వేదికైంది. ఫార్ములా భారత్ కోయంబత్తూరులో కరి మోటారు స్పీడ్‌వేలో జరుగుతుంది. ఈ పోటీల్లో బండి ట్రాక్ మీదికి వెళ్లాలంటే ముందు సాంకేతిక తనిఖీ దాటాలి. న్యాయనిర్ణేతలు హార్నెస్ లేబుల్ మీది తేదీ చూస్తారు. అమెరికా సంస్థ ఎస్‌ఎఫ్‌ఐ 16.1 ప్రమాణానికి చేసిన హార్నెస్ గడువు రెండేళ్లు. ఎండ, చెమట, రాపిడి వల్ల పట్టీ పోగులు బలహీనపడతాయి కాబట్టి కొత్తగా కనిపించినా గడువు దాటితే తిరస్కరిస్తారు. చెవుల మందం కొలుస్తారు, వెల్డింగు చూస్తారు, కోణం కొలుస్తారు. ఫార్ములా స్టూడెంట్ నియమాల్లో భుజం, నడుము పట్టీల బిగింపు ఒక్కొక్కటీ 13,000 న్యూటన్లు మోస్తుందని నిరూపించాలి. చివరికి డ్రైవరును బిగించి కూర్చోబెట్టి, ఐదు సెకన్లలో బయటికి రమ్మంటారు. నూనూగు మీసాల విద్యార్థి తన చేత్తో వెల్డ్ చేసిన చెవి తన ప్రాణాన్ని పట్టి ఉంచుతుందని కాగితం మీదా బండి మీదా నిరూపించుకోవలసి రావడం ఇంజినీరింగ్ చదువులో అరుదుగా దొరికే పాఠం. అయితే ఆ బండి పోటీ అయ్యాక రోడ్డెక్కదు.

రోడ్డెక్కే మార్పులు జరిగేది వేరే చోట. విజయవాడ ఆటోనగర్ వంటి కేంద్రాల్లో, హైదరాబాదు చుట్టూ ఉన్న గ్యారేజీల్లో, కుటుంబ వ్యాన్లలో అసలు సీట్లు తీసేసి వెనక్కి వాలే పెద్ద కుర్చీలు వేస్తారు. అసలు సీటు కింద తయారీదారు ఇచ్చిన నేల పట్టాలకు కొత్త కుర్చీ సరిపోదు. కొత్త రంధ్రాలు వేసి, ఇనుప పట్టీలు వేసి బిగిస్తారు. బెల్టు బకిల్ కుర్చీకే తగిలించి ఉంటే దాని మీద పడే బలమంతా ఆ కుర్చీ కాళ్ల బోల్టుల మీద పడుతుంది. కుర్చీ బరువు 40 కిలోలైతే ఇరవై రెట్లంటే 800 కిలోలు దానికదే అవుతుంది. వాహనం మొదటి పరీక్షలో నెగ్గింది వేరే సీటుతో, వేరే బోల్టులతో. ఈ కుర్చీ వేసిన రోజున ఆ ధ్రువపత్రం చెప్పే వాహనం అక్కడ లేదు.

చట్టం ఈ విషయంలో కఠినంగానే ఉంది. తయారీదారు ఇచ్చిన ప్రాథమిక వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదని 52వ సెక్షన్‌ను వ్యాఖ్యానిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో కేరళ కేసులో తీర్పు చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చంటుంది. భద్రతకు కీలకమైన భాగాలను నియమాలకు విరుద్ధంగా అమ్మితే ఏడాది వరకు జైలు లేదా ఒక్కో భాగానికి లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ. శిక్ష ఇంత ఉన్నా, మార్పు జరిగిందని కనిపెట్టే తనిఖీ బలహీనంగా ఉంది. సొంత కారుకు పదిహేనేళ్ల దాకా రిజిస్ట్రేషన్ ఒక్కసారే. ఆ మధ్యలో దాన్ని ఎవరూ విప్పి చూడరు. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ తనిఖీ ఉంది. ఆ తనిఖీలో బెల్టు ఉందా, లాగితే వస్తుందా, బకిల్ పడుతుందా అన్నది చూస్తారు. కార్పెట్ ఎత్తి అడుగున పలక ఉందా అని చూడడం దాని పరిధిలోకి రాదు.

హైదరాబాదులో హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మధ్య తిరిగే వేలాది క్యాబుల్లో ఈ బలహీనత రోజూ కనిపిస్తుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ నడవ పెరుగుదలంతా ఉద్యోగుల రవాణాతో ముడిపడి ఉంది. రాత్రి షిఫ్టు అయ్యాక కోకాపేట నుంచో నానక్‌రామ్‌గూడ నుంచో ఇంటికి బయలుదేరిన క్యాబు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఎక్కుతుంది. అక్కడ 2023 నుంచి గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. వేగం 50 నుంచి 120కి పెరిగితే ఆపవలసిన శక్తి దాదాపు ఆరు రెట్లు అవుతుంది. అదే క్యాబులో వెనక సీటు కవరు ఒకే ముక్కగా కుట్టి ఉంటే బకిళ్లు దాని కింద పడి ఉంటాయి. సీటు ఎత్తు పెంచడానికి వేసిన స్పాంజి బకిల్‌ను మింగేస్తుంది. ఆ బెల్టు బలంగానే ఉంటుంది, బిగింపు తయారీదారు ఇచ్చినదే. వాడేందుకు మాత్రం అందదు. కొన్ని సంస్థల రవాణా విభాగాలు క్యాబును గేటు దగ్గర తనిఖీ చేసేటప్పుడు వెనక బకిళ్లు పైకి ఉన్నాయా అని చూస్తాయి. ఈ ఒక్క పరిశీలనకు ఖర్చేమీ కాదు, ప్రతి కాంట్రాక్టులో ఉండవలసిన షరతు ఇది.

హెచ్చరిక మోత ఆపడానికి బకిల్‌లో పెట్టే క్లిప్పుల సంగతి ఇంతకంటే దారుణం. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఆన్‌లైన్ వ్యాపార సంస్థలపై ఉత్తర్వులిచ్చింది. వాటి నుంచి ఇలాంటి 13,118 వస్తువుల ప్రకటనలను తొలగించారు. ఆ క్లిప్పు బెల్టును పనికిరాకుండా చేయడమే కాదు, బెల్టు పెట్టుకున్నారని నమ్మే కారు ఎలక్ట్రానిక్ వ్యవస్థలకు అబద్ధం చెబుతుంది.

ఈ నడవలోనే బెల్టు బిగింపును లెక్క కట్టే పని జరుగుతోందన్న సంగతి చాలామందికి తెలియదు. హ్యుందాయ్ సంస్థ భారత ఇంజినీరింగ్ కేంద్రం ఇక్కడే ఉంది. సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు చేసే జర్మన్ సంస్థ జెడ్‌ఎఫ్ 2017లో ఇక్కడ టెక్నాలజీ సెంటర్ ప్రారంభించింది. ఇలాంటి కేంద్రాల్లో కారు శరీరాన్ని కంప్యూటరు లక్షల చిన్న గళ్లుగా విడగొట్టి, 13,500 న్యూటన్లు వేసి, ఏ గడి ముందు చిరుగుతుందో చూడవచ్చు. ఈ విద్య పెద్ద తయారీదారుల కోసం పనిచేస్తుంది. అదే విద్య గ్యారేజీలో కుర్చీ మార్చే మెకానిక్‌కు అందే మార్గం ఏదీ లేకపోవడం చింతించదగిన విషయం, ఎందుకంటే మనిషి కూర్చునేది ఆ గ్యారేజీ కుర్చీలో.

బయటి దేశాల్లో ఈ ఖాళీని రెండు రకాలుగా పూరించారు. బ్రిటన్‌లో కిట్ కార్ల సంప్రదాయం పాతది. అక్కడ 2009 నుంచి ఒక్కొక్క బండినీ విడిగా ఆమోదించే ఐవీఏ తనిఖీ ఉంది. బండిని నాశనం చేయకుండా, బిగింపు స్థానం, కోణం, వెనక బలపరిచిన తీరు, బెల్టు ముద్ర చూసి నిర్ణయిస్తారు. అమెరికాలో 2015 నాటి చట్టం ఏటా 325 వరకు పాత మోడళ్ల నకలు కార్లు చేసే చిన్న సంస్థలకు మినహాయింపునిచ్చింది; దాని అమలు నియమాలు 2022లో వచ్చాయి. ఆ మినహాయింపు వాహన ప్రమాణాలకు వర్తిస్తుంది, విడి పరికరాల ప్రమాణాలకు కాదు. బెల్టు పరికరం కాబట్టి దాని ప్రమాణం వదలదు. బిగింపు స్థానం వాహనంలో భాగం కాబట్టి దాని ప్రమాణం నుంచి మినహాయింపు దొరుకుతుంది. బెల్టుకు ముద్ర ఉండి, దాన్ని పట్టే రేకుకు లేకపోవడం అక్కడా సాధ్యమే. ఈ రెంటిలో బ్రిటన్ పద్ధతి మనకు దగ్గర, ఎందుకంటే అది కంటితో, కొలబద్దతో చేసే పని. దానికి కోట్ల ప్రయోగశాల అక్కర్లేదు.

మన చట్టంలో దీనికి పునాది లేకపోలేదు. 2019 సవరణ తర్వాత 52వ సెక్షన్ వాహనాల మార్పుకు ప్రమాణాలు, ఆమోద షరతులు నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. పెట్రోలు కార్లను విద్యుత్తు కార్లుగా మార్చే కిట్ల విషయంలో కేంద్రం 2016లోనే నియమాలు చేసింది. హైదరాబాదు సంస్థ ఈ-ట్రియో అలాంటి కిట్‌కు ఏఆర్‌ఏఐ ఆమోదం పొందింది. అక్కడి పద్ధతిలో కిట్ చేసే సంస్థ ఏ మోడల్‌కు ఏ కిట్ అన్నది పరీక్షకు పెడుతుంది, అధికారం పొందిన వర్క్‌షాపు దాన్ని అమర్చుతుంది, రవాణా శాఖ ఆ మార్పును రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేస్తుంది. వికలాంగులకు అనువుగా మార్చే వాహనాలకూ చట్టం చోటిచ్చింది. సీట్లు, బెల్టులు మార్చే పనికి ఇదే పద్ధతి వర్తింపజేయవచ్చు: ఫలానా వ్యాన్‌కు ఫలానా కుర్చీ, దాని బెల్టు, దాని పలకలు, బోల్టులు కలిపి ఒక కిట్‌గా ఒక్కసారి పరీక్షించి, ఆ తర్వాత నగరంలోని ఏ అధికృత గ్యారేజీలోనైనా వేయించుకునే వీలు.

ఆ ఏర్పాటు వచ్చేలోగా ఒక్క బండిని నాశనం చేయకుండా తనిఖీ చేసేవారికి నమ్మదగిన ఆధారాలు కొన్ని ఉన్నాయి. నేల రేకు అడుగున పలక కొలతలను కాలిపర్‌తో కొలవవచ్చు. బోల్టు తలమీద 8.8 గుర్తు చదవవచ్చు. ఒక మనిషిని కూర్చోబెట్టి నడుము, భుజం పట్టీల కోణాలు చూడవచ్చు. పట్టీని ఒక్కసారిగా లాగి రిట్రాక్టర్ ఆగుతోందో లేదో తెలుసుకోవచ్చు. పలక వెల్డింగు ఎంత లోతుగా పట్టిందన్నది మాత్రం పూత పూసి, కార్పెట్ పరిచాక తెలియదు. అందువల్ల మార్పు చేసే గ్యారేజీ ప్రతి బిగింపునూ పూతకు ముందు ఫొటో తీసి, పలక మందం, బోల్టు గ్రేడు, వెల్డింగు చేసిన తేదీ రాసి యజమానికి ఇవ్వాలి. తనిఖీ అధికారి, బీమా సర్వేయరు, ఆ కారును తర్వాత కొనేవాడు కోరవలసిన మొదటి కాగితం అదే.